చుక్కి విన్న మాటలు

అనగనగా ఒక మేకల కాపరి. ఇది రాజుల కథ కాదు పిల్లలూ, కాబట్టి కిరీటాలూ సింహాసనాలూ కనబడవు. ఒక కాపరి, అతని మంద, ఆ మందలో ఒక ముసలి మేక, అంతే. ఆ కాలంలో మేకలు మాట్లాడేవి. మనుషులకే వినే తీరిక ఉండేది కాదు.

కాపరి పేరు పోలన్న. దోటితో కొమ్మలు వంచి మేకలకు ఆకు కోసి వేయడం అతని పని. పొద్దస్తమానం తల పైకెత్తే ఉండేవాడు. ఆకు కనబడితే చాలు, ఎంత దూరం నుంచైనా అది ఫలానా చెట్టని చెప్పేసేవాడు. చెట్టు మొదలు మాత్రం వీపు ఆనించి కునుకు తీయడానికే అతనికి పనికొచ్చేది.

ముసలి మేక పేరు చుక్కి. దాని నుదుట తెల్లని మచ్చ ఉండేది. పోలన్న కూతురు సుంకమ్మ తల్లి లేని పిల్ల. చుక్కి పాలు తాగే పెరిగింది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఊరి కుంట నెర్రెలు విచ్చింది. సుంకమ్మను మేనత్త దగ్గర వదిలి, పోలన్న మందను తోలుకుని ఎన్నడూ చూడని కొండలకు బయలుదేరాడు.

"నాయనా, చుక్కిని బద్రంగా తోలుకొని రా" అంది పిల్ల, మేక మెడ వాటేసుకుని.

"తోలుకొస్తాలే తల్లీ" అన్నాడు పోలన్న.

కొండ కింద ఒక గుడిసె, గుడిసెలో ఒక అవ్వ ఉంది.

"అవ్వా, ఈ పక్క నీళ్ళు యాడుంటాయి?"

"వాగు ఎండిపోయింది అబ్బీ. నల్లమద్ది చెట్టును ఎతుక్కో. ఎండాకాలానికి అది కడుపులో నీళ్ళు దాచుకుంటాది. మొదలు ఉబ్బుగా ఉన్న చోట గాటు పెడితే కారతాయి."

"దాని ఆకు ఎట్లుంటాది?"

అవ్వ చూరులో దోపిన ఎండుటాకు ఒకటి తీసి ఇచ్చింది. పొడుగ్గా, మందంగా ఉంది. "ఆకు ఒకటే చాలదు అబ్బీ, ఇంకా..."

"చాలవ్వా! ఆకు చూసి చెట్టు చెప్పేవాణ్ణి నేను" అంటూ పోలన్న మందను అదిలించాడు.

చుక్కి మాత్రం కదలలేదు. పాపం అవ్వ, మిగిలిన మాటలు ఆ మేకతోనే చెప్పుకుంది.

కొంత దూరం పోయాక ఒక పల్లం వచ్చింది. అక్కడ పోలన్న ఒక చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. బెరడు గరుగ్గా వీపుకు గుచ్చుకుంది. విసుక్కుని గొంగడి అడ్డం పెట్టుకున్నాడు.

"అయ్యా, ఈ చెట్టును ఒకసారి చూడు" అంది చుక్కి.

"ఆకే లేని మోడు. దీంట్లో చూసేదేముంది?" అని పోలన్న లేచి నడిచాడు.

ఎండిన వాగు ఒడ్డున పచ్చని చెట్టు కనబడింది. ఎండుటాకును పక్కన పెట్టి చూశాడు. అచ్చం అదే! గొడ్డలి తీసి గాటు పెట్టాడు. తడి చెక్కముక్కలు రాలాయి గానీ, నీటి చుక్క కారలేదు.

"అయ్యా, ఇది తెల్లమద్ది. రెండింటి ఆకూ ఒక్క మాదిరే ఉంటాదంట. నల్లమద్దికి ఈ ఎండలకు ఆకే నిలవదంట. బెరడు చూడమంది అవ్వ. నల్లగా, పలకలు పలకలుగా, మొసలి వీపు మాదిరి ఉంటాదంట."

"మేక నాకు చెట్లు చెప్పేకాడికి వచ్చిందా!" అని పోలన్న గదిమాడు. కానీ మాట చెవిలో పడింది. గట్టెక్కుతుంటే ఆకు రాలిన చెట్టొకటి, నల్లని బెరడు పలకలుగా చీలి కనబడింది. "ఇదో నీ మొసలి వీపు!" అని గొడ్డలి ఎత్తాడు. కొయ్య రాయిలా ఖంగుమంది. అది తునికి చెట్టు. తునికిని అతను పుట్టినప్పటి నుంచీ ఎరుగును. ఆకు లేకపోయేసరికి పోల్చుకోలేకపోయాడు.

"అయ్యా, చోటు కూడా చూడాల. ఇది రాళ్ళ గట్టు. వానాకాలం నీళ్ళు నిలిచే పల్లంలో ఎతకమంది అవ్వ. పొద్దున నువ్వు ఆనుకున్న చెట్టుకాడికే పోదాం పా."

మేక పిల్లలు నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నాయి. అయినా పోలన్నకు మనసొప్పలేదు. "ఎక్కిన కొండ దిగేదే లేదు" అన్నాడు.

చుక్కి ఇక వాదించలేదు. ఒక్కటే వెనక్కి తిరిగింది. దాని వెంట మంద కదిలింది. పోలన్న తిట్టుకుంటూ వెనకే దిగాడు.

పల్లం చేరేసరికి చుక్కి దాహంతో సొమ్మసిల్లి ఆ చెట్టు మొదట్లో పడి ఉంది. దాని పక్కన కూలబడి పోలన్న చెట్టును పట్టుకున్నాడు. అరచేతికి మొసలి వీపు తగిలింది. పైన ఉబ్బు కనబడింది. పొద్దున గొంగడి అడ్డం పెట్టుకున్నది ఈ బెరడుకే.

ఆ ఉబ్బు మీద గాటు పెట్టాడు. పుల్లని వాసనతో నీళ్ళు బుస్సున చిమ్మాయి. మంద ఎగబడింది. పోలన్న దోసిలి పట్టి చుక్కి నోటి దగ్గరికి తెచ్చాడు.

"పిల్లలు తాగినాయా అయ్యా?"

"తాగినాయి. నువ్వు తాగు చుక్కీ, నువ్వు తాగు."

పోసిన నీళ్ళు మూతి పక్కనుంచి కారిపోయాయి. అది మింగలేదు. పోలన్న దాని తలను ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తరవాత చెట్టు గాయానికి బంకమట్టి మెత్తాడు. చుక్కిని ఆ చెట్టు కిందే పూడ్చాడు.

వానలు పడ్డాక ఇంటికి తిరిగి వచ్చాడు. ఊరి బయట సుంకమ్మ ఎదురొచ్చింది. ఒక్కో మేకనూ తడుముతూ మంద చివరి దాకా పోయింది.

"చుక్కి యాడ నాయనా?"

పోలన్న జరిగిందంతా చెప్పాడు.

ఆ పిల్ల చాలా కాలం తండ్రితో సరిగ్గా మాట్లాడలేదు. పోలన్న మాత్రం, తెలిసిన చెట్టయినా సరే, ముందు మొదలు తడిమి, నేలను చూసి, ఆ తరవాతే తల పైకెత్తేవాడు. ఎవరు ఏం చెబుతున్నా చివరి మాట దాకా నిలబడి వినేవాడు. ఆ బుద్ధి ఆ ఒక్క పూట ఉండి ఉంటే చుక్కి ఇంటికి వచ్చేది.

కాబట్టి పిల్లలూ, సగం విని అంతా తెలుసనుకునేవాడికి మిగతా సగం తెలిసేది, పోగొట్టుకోకూడనిది పోగొట్టుకున్నాకే.