అరవై ఒకటో గడి

జోగారావు మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. లేచి లోపలికి వెళ్లి, ఏదో ఒక వస్తువు తెచ్చి మధ్యలో పెడతారు. దేవుడున్నాడా అని ఒకసారి నేను అడిగితే చెవి పోయిన తాళంకప్ప తెచ్చారు. ఆ సంగతి ఇప్పుడు వద్దు. నర్సాపురంలో ముప్పై ఏళ్లు డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. ఉద్యోగానికి ముందు నుంచీ, ఇప్పటికీ, గుడ్డ మీద వైకుంఠపాళీ పటాలు చేత్తో వేస్తారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భానోజీ వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. భానోజీ ఎనిమిదో తరగతి నుంచి మాస్టారి శిష్యుడు, ఇప్పుడు కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. డ్యూటీ లేని పూటల్లో కంప్యూటరు ఆటలు తయారుచేస్తాడు. వాటికి కథా, మనుషుల మాటలూ తనే రాసుకుంటాడు. బొమ్మలు గీసి తెచ్చి మాస్టారికి చూపిస్తాడు. ఇవన్నీ చెయ్యమని అతన్ని అడిగినవాళ్లు లేరు. మా కాలేజీ రోజుల్లో నాటకాల పిచ్చివాళ్లు ఇలాగే ఉండేవారు, పరీక్ష తప్పినా వేషం తప్పేవారు కాదు.

"మాస్టారండీ, మొదట్లో చేసినవి చూసుకుంటే సిగ్గేస్తోందండి. చెరిపేస్తే తప్పా?" అన్నాడు, ఇంకా చెప్పులైనా విడవకుండా.

సంగతేమిటంటే, విశాఖపట్నంలో కొత్త ఆటల ప్రదర్శన ఒకటి జరగబోతోంది. ఆరేళ్లు కష్టపడి చేసిన కొత్త ఆటను భానోజీ దానికి పంపాలి. సాయంత్రం అయిదు దాకానే గడువు. కానీ ప్రదర్శనవాళ్లు అతని పేరు నొక్కితే, ఎనిమిదేళ్ల కిందట నలుగురూ ఆడుకోవడానికి ఇంటర్నెట్టులో పెట్టిన మూడు పాత ఆటలు కూడా కనిపిస్తాయి. మొదటి ఆటలో ఒక పడవ జనాన్ని రేవు దాటించాలి. లెక్కలో ఏదో పొరపాటు వల్ల అది సగం దూరం పోయి వెనక్కి తిరిగేది. ఎన్నాళ్లు కూర్చున్నా తప్పెక్కడుందో అతనికి దొరకలేదట. 'ఈ పడవ కంటే ఈదుకుంటూ పోవడం నయం' అని ఎవరో కింద రాశారు. ఆ మాట ఎనిమిదేళ్లుగా అతనికి గుచ్చుకుంటూనే ఉంది. ఆ ఆటలు చేసిన కంప్యూటరు ఎప్పుడో చెడిపోయింది. ఇప్పుడు చెరిపితే మరింక ఎక్కడా ఉండవు. చెరపమంటారా అని ఫోను అడుగుతోంది. ఆ ఫోను చేతిలో పట్టుకునే అతను వచ్చాడు.

మాస్టారు లేచి లోపలికి వెళ్లారు. పాత గుడ్డ చుట్ట ఒకటి, గవ్వలు, మూడు పావులు తెచ్చారు.

"ఏమోయ్, నువ్వూ జరుగు," అన్నారు నాతో. "ముగ్గురుంటే రంజుగా ఉంటుంది."

"టైము లేదండీ," అన్నాడు భానోజీ.

"మూడేగా అయింది. కూర్చో."

కూర్చున్నాడు. పటం రంగులు వెలిసి ఉన్నాయి. పాములకు కళ్లు మరీ పెద్దవి. ఇప్పుడు మాస్టారు అలా వేయరు. నా పావు మామూలుగానే రెండుసార్లు కిందికి జారింది. కాసేపటికి భానోజీ పావు ఇరవై ఎనిమిదో గడిలో పడింది. అక్కడ నిచ్చెన ఉంది. సంతోషంగా ఎక్కాడు. నిచ్చెన అరవై ఒకటికి తీసుకెళ్లింది. అరవై ఒకటిలో పాము తల. దాని తోక వెంట దిగితే మళ్లీ ఇరవై ఎనిమిది. మళ్లీ నిచ్చెన.

భానోజీ రెండుసార్లు వేలితో నడిపి చూశాడు. "మాస్టారండీ, ఇది తెమలదండీ! ఇక్కడ తప్పుంది."

"ఉంది," అన్నారు మాస్టారు. "నేను వేసిన మొదటి పటం. రంగు వేసే ముందు చింతగింజను ఒక్కో గడిలోంచీ నడిపించి చూడమని మా గురువుగారు చెప్పేవారు. నాకు పొగరు, నడిపించలేదు. అద్దకం రంగు, ఉతికినా పోదు."

"మరి ఇందులో పడ్డవాడు ఎలా బయటికొస్తాడండీ?"

"మొదట పడింది మా పెద్దమ్మ. 'నన్నిక్కడ వదిలేసి మీరు వైకుంఠానికి పోతార్రా?' అని కేకలేసింది. తను పాడుచేసిన పని ఒకటి చెబుతాను, బయటికి వదలమంది. తన చెల్లెలి పెళ్లిలో అరిసెల పాకం ముదరబెట్టిందట. పెళ్లివారు మర్యాద కోసం గంటసేపు నములుతూనే ఉన్నారట. ఆ రోజు నుంచి అదే కట్టుబాటు. చెప్పు."

భానోజీ ఫోను పక్కన పెట్టి పడవ సంగతే ఎత్తుకున్నాడు. పడవ ఒడ్డు చేరదు కాబట్టి, ఆడేవాళ్లు విసుగెత్తి పోకుండా లోపల కూర్చున్నవాళ్ల చేత మాట్లాడించాడట. కోళ్ల గంపతో కూర్చున్నామె, "కోడి గుడ్డు పెట్టేసింది నాయనా, పిల్ల లేచేలోగానైనా ఒడ్డు చూపిస్తావా?" అంటుంది. పెళ్లిచూపులకు పోతున్నవాడు, "ఇప్పుడు వెళితే ఆ పిల్ల మనవరాలు తలుపు తీస్తుంది," అంటాడు. మాస్టారు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

"చివర్న ఒక ముసలాయన కూర్చునుంటాడండి," అన్నాడు భానోజీ. "అందరూ గొడవ చేస్తుంటే ఆయన అంటాడు: 'నాకేం తొందర లేదు బాబూ. ఆవిడున్నప్పుడే ఇంటికి ఆలస్యంగా పోయేవాణ్ని. ఇప్పుడెవరున్నారని?'"

అని ఆగిపోయాడు. ఆ మాట రాసింది తనేనని అప్పుడే తెలిసినట్టు చూశాడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఆ ముసలాయన కొత్త ఆటలో ఉన్నాడా?" అని మాస్టారు అడిగారు.

"లేడండీ," అన్నాడు. "కొత్తదాంట్లోనూ పడవే గానీ, తిన్నగా వెళ్లిపోద్దండి. ఎవరూ మాట్లాడరు. ఆడి చూసిన స్నేహితులు ఇద్దరూ బాగుందన్నారు గానీ, పది నిమిషాలకే పక్కన పెట్టేశారు."

ఫోను తీసుకున్నాడు. చెరపమంటారా అని అది ఇంకా అడుగుతూనే ఉంది. వద్దు అని నొక్కి జేబులో వేసుకున్నాడు. తరువాత, ఆట ముగియకపోయినా, గవ్వలు ఏరి పక్కన పెట్టి పటాన్ని మడవబోయాడు.

మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అరవై ఒకటి దగ్గర మడత వెయ్యకు. అందరూ అక్కడే ఎక్కువసేపు కూర్చున్నారు. గుడ్డ పలచబడింది."