గంజి గంగాళం

ఆ ద్వీపదేశంలో ఖజానా అడుగంటింది. దిగుమతులకు, విదేశీ అప్పులకు చెల్లించడానికి మిగిలిన డబ్బు రెండు వారాలకు కూడా చాలదు. ఏం చెయ్యాలో తేల్చమని ప్రభుత్వం అర్థశాస్త్రవేత్తలతో ఒక సంఘం వేసింది. తొమ్మిది రోజులు వాదించుకున్నారు. ఏమీ తేలలేదు.

పదో రోజు ఉదయం ఆ సంఘంలోని నందసిరి కొండమీది విహారానికి వెళ్లాడు. సోణుత్తర భిక్షువు అతనికి చిన్నప్పటినుంచీ గురువు. నందసిరి జేబులో రాజీనామా కాగితం ఉంది.

"భంతే, అప్పుల వాయిదాలు కొంతకాలం ఆపేద్దామని నేనంటాను. ఆపితే ఇక మన ముఖం ఎవరూ చూడరని మా సంఘంలోనే ఉన్న తిలకులవారంటారు. నా ప్రణాళిక మొత్తం ఒప్పుకుంటే ఉంటాను. లేదంటే తప్పుకుంటాను."

"రేవులో ఓడ ఉందా?" అని అడిగాడు భిక్షువు.

"ఉంది. బియ్యం, మందులు తెచ్చింది. డబ్బు ముడితేగాని సరుకు దించరట. ఎల్లుండి తిరిగి వెళ్లిపోతుంది."

"రేపు పొద్దున తిలకుణ్ణి తీసుకురా."

మర్నాడు ఇద్దరూ వచ్చారు. భిక్షువు వాళ్లను వంటశాలలోకి తీసుకెళ్లి, పొగలు కక్కుతున్న గంజి గంగాళం చూపించాడు.

"దీన్ని కింద గేటు దగ్గరికి చేర్చండి."

చెరో పక్కా పట్టుకుని బయటికి వచ్చారు. కింద, గేటు బయట రెండు వందల మంది గిన్నెలతో నిలబడి ఉన్నారు.

"మెట్ల మీదుగా వెళ్దాం, దగ్గర" అన్నాడు నందసిరి.

"తొణికితే కాళ్లు కాలతాయి. చుట్టుదారే మంచిది" అన్నాడు తిలకుడు.

"అంత దూరం మోయగలరా మీరు?"

"మీరు మెట్లు చూసుకుని దిగగలరా?"

గంగాళం గాలిలోనే ఉంది. చేతులు మండుతున్నాయి. అయినా ఇద్దరిలో ఎవరూ అడుగు వెయ్యలేదు. గేటు పట్టుకుని నిలబడ్డ ఒక ముసలావిడ వాళ్లను కాసేపు చూసింది.

"బాబూ, ఎటునుంచి తెచ్చినా తాగుతాం. తీసుకురండి" అని కింద నుంచి కేకేసింది.

ఇద్దరూ తలలు దించుకున్నారు. దగ్గరగా ఉన్న మెట్లే దిగారు, తిలకుడు కోరినట్టే తొణక్కుండా, నెమ్మదిగా. ఆఖరి గిన్నె నిండేదాకా వడ్డించారు.

ఖాళీ గంగాళం పక్కన కూర్చుని నందసిరి అడిగాడు. "ఆ ఓడకు డబ్బు కట్టే మాట మీ ప్రణాళికలో ఉందా?"

"ఉంది. నలభై రెండో పేజీలో. మీ దాంట్లో?"

"ముప్పయ్యో పేజీలో."

తిలకుడు చిన్నగా నవ్వాడు. "తొమ్మిది రోజులూ మొదటి పేజీ దాటలేదు కదండీ మనం."

ఆ మధ్యాహ్నమే ఆ ఒక్క అంశం మీద ఇద్దరూ సంతకాలు చేశారు. సంఘంలో ఎవరూ అడ్డు చెప్పలేదు. సాయంత్రానికి రేవులో మొదటి బస్తా దిగింది.

నాలుగు రోజుల తర్వాత నందసిరి మళ్లీ విహారానికి వచ్చాడు. ముఖం తేటగా ఉంది.

"మందులు ఆసుపత్రులకు చేరాయి భంతే. కానీ అప్పుల దగ్గర మేమింకా దెబ్బలాడుకుంటూనే ఉన్నాం."

"దెబ్బలాడుకోండి నాయనా" అన్నాడు భిక్షువు. "ఇప్పుడు తీరిక దొరికిందిగా."