వరహాలయ్య కోరిన తేటనీరు

అనగనగా ఒక సముద్రం. అడవి కథలు బోలెడు విన్నారు కదర్రా, ఇవాళ నీళ్లలోకి దిగుదాం. ఆ సముద్రంలో వరహాలయ్య అని ఒక వంజరం చేప ఉండేవాడు. అక్కడికి తనే పెద్దనని తనే చాటుకున్నాడు. కవళ్లు అనే చిన్నచేపల మంద ఆయన ప్రజలు. పొద్దున్నే వాళ్ల మంచిచెడ్డలు కనుక్కునేవాడు, మధ్యాహ్నం వాళ్లలోనే ఇద్దరు ముగ్గుర్ని భోంచేసేవాడు. పాలన అంటే అదే అనుకునేవాడు పాపం.

ఆ నీళ్లు ఎప్పుడూ పచ్చగా, మసగ్గా ఉండేవి. వరహాలయ్యకు అదే దిగులు. తన ఒంటి మీది వెండి మెరుపు నాలుగు బారల అవతలికి కనబడదాయె. ఎవరికీ కనబడని పెద్దరికం ఎందుకని ఆయన బాధ.

ఈ పచ్చదనం ఎక్కడిదని ఆరా తీయించాడు. కంటికి ఆనని మొక్కలు నీళ్లలో తేలుతున్నాయనీ, వాటిని ప్లవకాలంటారనీ తెలిసింది. ఎండ పైనుంచి వస్తుంది. ఎరువు మాత్రం తిమింగలం మామ్మ వేస్తోందట. మామ్మ అడుగున చీకట్లో కడుపునిండా తిని, ఊపిరి కోసం పైకొచ్చి, ఎలాగూ వచ్చాను కదా అని దొడ్డికెళ్లే పని కూడా అక్కడే కానిచ్చేది.

వరహాలయ్యకు ఒళ్లు మండింది. మామ్మను పిలిపించాడు.

"పెద్దదానివై ఉండి సిగ్గు లేదూ? నా నెత్తిమీదేనా ఆ పని? ఇంకెక్కడికైనా పో" అన్నాడు.

"పిల్లాపాపలకు పనికొస్తోందనుకున్నాను నాయనా. వద్దంటే పోతాలే" అని మామ్మ వెళ్లిపోయింది.

అయ్యా, ఆ పచ్చదే మా తిండి అని మందలో ఒక ముసలిది చెప్పబోయింది. తేటనీళ్లు ఆరోగ్యానికి ఎంత మంచివో వరహాలయ్య దానికి పూటంతా బోధించాడు.

ఎరువు లేక ముందు పచ్చదనం పలచబడింది. వరహాలయ్య మురిసిపోయాడు. తర్వాత ఆ పచ్చదనాన్ని మేసే నలుసంత జీవాలు మాయమయ్యాయి. నీళ్లు ఇంకా తేటపడ్డాయని ఆయన పండగ చేయించాడు. ఆ తర్వాత కవళ్లు చిక్కి ముళ్లు తేలాయి, మామ్మ వెళ్లిన దిక్కుకే మంద మొత్తం కదిలిపోయింది. వెళ్లొస్తామని చెప్పడానికి ఒక్కరూ రాలేదు. చెబుతూ ఉంటే మధ్యాహ్నం అయిపోతుందని వాళ్ల భయం.

ఇప్పుడు నీళ్లు అద్దంలా ఉన్నాయి. వరహాలయ్య మెరుపు ఎంత దూరానికైనా కనబడుతోంది. చూడ్డానికే ఎవరూ లేరు. ఆకలికి కళ్లు తిరిగాయి. చచ్చిపోతానేమోనని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి భయపడ్డాడు. పడుతూ లేస్తూ మామ్మను వెతుక్కుంటూ వెళ్లాడు.

అక్కడ నీళ్లు చిక్కగా, పచ్చగా ఉన్నాయి. కవళ్లు కొవ్వుపట్టి ఉన్నాయి. ఆయన్ని చూడగానే అన్నీ మామ్మ చాటుకు చేరిపోయాయి. తరుముదామంటే ఒంట్లో సత్తువ లేదు. వరహాలయ్యకు ఏడుపొచ్చింది.

"మామ్మా, తప్పయింది. మా నీళ్లలోకొచ్చి ఆ పని కాస్త చేసిపెట్టవా" అన్నాడు.

మామ్మ నవ్వలేదు. "వస్తాను నాయనా. రావడం నా చేతిలో ఉంది, ఆ పని నా చేతిలో లేదు. దాని వేళకు అది అవ్వాలి. తర్వాత మొక్కలు పెరగాలి, నలుసులు పుట్టాలి, వీళ్లు నిన్ను నమ్మి తిరిగి రావాలి. అందాకా ఆగు" అంది.

ఆగక ఏం చేస్తాడు? అంతటి పెద్దమనిషీ ఖాళీ కడుపుతో మామ్మ తోక వెనకాలే తిరగడం మొదలుపెట్టాడు. ఎవరైనా అడిగితే, మామ్మకు కాపలా కాస్తున్నానని చెప్పేవాడు.

నీతి: మనకు మురికిగా కనబడింది ఎవరి అన్నమో కనుక్కోకుండా ఊడ్చిపారేయకూడదు, అది తిరిగి తిరిగి మన కంచంలోకి వచ్చే అన్నమే కావచ్చు.