కంటకయ్య మాస్టారి పులి

గుట్టకి ఇవతల వాగు, వాగు ఒడ్డున నున్నటి పెద్ద బండ. ఆ అడవిలో జంతువుల పిల్లలు చదువుకునే బడి అదే. పిల్లలు బండ మీద కూర్చునేవారు. బండ వెనక ఉన్న బొరియ హెడ్మాస్టరుగారి గది. హెడ్మాస్టరు పేరు కంటకయ్య, జాతికి ముళ్లపంది. బెత్తం కోసం ఆయన ఏ కొమ్మా విరవనక్కర్లేదు, ఒంటినిండా బెత్తాలే. ఒళ్లు విదిలిస్తే గలగలమని మోగేది. బడికి గంట కూడా అదే.

పాఠం ఏం చెప్పేవాడంటారా, అది ఆయనకే తెలియాలి. పొద్దున్నే ప్రతి పిల్లా ఒక దుంప తెచ్చి బండ పక్కన పెట్టాలి. "మాస్టారు చెప్పిందే నిజం" అని గొంతు చించుకుని వల్లించాలి. ఆ తర్వాత ఆయన కళ్లు మూసుకునేవాడు. ముళ్లపందులు రాత్రంతా మేతకి తిరిగి పగలు నిద్రపోతాయని ఆ పసివాళ్లకేం తెలుసు? మాస్టారు తమ భవిష్యత్తు గురించి ఆలోచిస్తున్నారనుకుని ఊపిరి బిగపట్టి కూర్చునేవారు. ఎవరైనా నోరు తెరిచి ఏదైనా అడిగారో, అయిపోయారే. అడగడం ఆ బడిలో అన్నిటికన్నా పెద్ద తప్పు.

నిజం చెప్పాలంటే పిల్లలకి ఆ ముళ్లంటే అంత భయం లేదు. భయమల్లా పులంటేనే.

బొరియలో బాగా లోపలికి వెళ్తే అక్కడొక పులి ఉందని కంటకయ్య చెప్పేవాడు. బడి పెట్టించింది ఆ పులిగారేనట. వయసు మీదపడి బయటికి రారట గానీ చెవులు మాత్రం మహా చురుకట. ఎవరైనా తప్పు చేస్తే కంటకయ్య విన్నవించుకోవడానికి లోపలికి వెళ్లేవాడు. కాసేపటికి బండ అదిరేలా ఒక గాండ్రింపు వినపడేది. కుందేలు పిల్లలైతే కూర్చున్నచోటే తడిపేసుకునేవారు. అప్పుడాయన ముఖం వేలాడేసుకుని బయటికొచ్చి, ఫలానా పిల్లని రేపు పొద్దున లోపలికి పంపమన్నారని చెప్పేవాడు. ఈ ఒక్క రాత్రి అమ్మానాన్నల దగ్గర గడిపే వీలు తానే బతిమాలి ఇప్పించానని కూడా చేర్చేవాడు. ఆ దయకి కరిగిపోయి తల్లిదండ్రులు ఆయన కాళ్లకి దణ్ణం పెట్టేవారు, ముళ్లు గుచ్చుకుంటున్నా సరే.

మర్నాటికి ఆ పిల్ల ఉండేది కాదు. ఇంటిల్లిపాదీ ఉండేవారు కాదు. బిడ్డ పోయిన దుఃఖంలో వాళ్లూ వెనకాలే లోపలికి వెళ్లిపోయారని కంటకయ్య కళ్లు ఒత్తుకునేవాడు. బొరియ ముందు కొత్తగా ఒక ఎముక కనిపించేది. వాళ్లు ఉన్న చోటు, అక్కడి దుంపలతో సహా, బడి ఆస్తి అయిపోయేది. బడి ఆస్తంటే ఎవరిదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ బడిలో నూకాలనే ముంగిస పిల్ల ఉండేది. దాని తల్లి మంగతల్లి. వాగు పక్కన పాత పుట్టలో వాళ్ల కాపురం. ఆ పుట్ట చుట్టూ అడవి దుంపలు తెగ ఊరేవి. నూకాలుకి చదువు సంగతి ఎలా ఉన్నా, కనపడినదాన్నల్లా కెలికి చూడకపోతే నిద్ర పట్టేది కాదు. పులి లోపలే ఉంటే నీళ్లు తాగడానికి వాగుకి రాదేం? బొరియ దగ్గర ఒక్క ఈగ కూడా ముసరదేం? పులి అరుస్తున్నంతసేపూ మాస్టారి గొంతు వినపడదేం? ఇవన్నీ తల్లిని అడిగేది. తల్లి దాని మూతి మూసేసేది.

ఇలా ఉండగా నూకాలు పక్కన కూర్చునే ఉడత పిల్ల పైడి, వల్లింపు మధ్యలో కిసుక్కున నవ్వింది. అంతే, పులిగారు రమ్మన్నారు. మర్నాడు పైడి లేదు, వాళ్లమ్మా నాన్నా లేరు. బొరియ ముందు ఎముక ఉంది. పిల్లలందరూ తల దించుకుని ఏడ్చారు. నూకాలు కూడా ఏడ్చింది. కానీ ఏడుస్తూ ఏడుస్తూనే ఆ ఎముక పక్కన పడుకుని, తన ఒంటితో కొలిచి చూసుకుంది.

"మాస్టారూ, పైడి నా చెవి దాకా కూడా రాదు కదండీ. దానికి నాకన్నా పొడుగు ఎముక ఎక్కడినుంచి వచ్చిందండీ?"

 కంటకయ్య నేరుగా బొరియలోకి వెళ్లాడు. గాండ్రింపు ఎప్పటికన్నా గట్టిగా వచ్చింది. బయటికొచ్చి, రేపు నూకాలు వంతన్నాడు.

సాయంత్రం పుట్టలో మంగతల్లి మూట కడుతోంది. ముడి పడటం లేదు. చీకటి పడేలోగా గుట్ట దాటేయాలనీ, దారిలో ఎవరైనా పలకరిస్తే మాట్లాడొద్దనీ గబగబా చెబుతోంది. నూకాలు మాత్రం తోక ముందుకేసుకుని కూర్చుని ఏదో ఆలోచిస్తోంది.

"అమ్మా, పైడి వాళ్లమ్మ కూడా ఇలాగే మూట కట్టుకుని ఉంటుందా?"

మంగతల్లి చేతులు ఆగిపోయాయి.

"కట్టుకోదూ మరి. కన్నతల్లి కదే."

"కట్టుకుంటే గుట్ట దాటేసి ఉంటారు. దాటేస్తే మరి పులి తిన్నదెవర్ని?"

మంగతల్లి మూట వదిలేసి కూలబడింది. ఇన్నేళ్లూ ఎంతమంది వెళ్లిపోయారో గుర్తు చేసుకుంటే, ఏ ఒక్కరూ బొరియలోకి వెళ్తుండగా తను చూడలేదు. తనే కాదు, ఎవరూ చూడలేదు. అందరూ రాత్రికి రాత్రే పారిపోయారన్నమాట. తిరిగొచ్చి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. తెల్లారేసరికి ఎముక ఒకటి పెట్టేస్తే సరిపోయేది.

"నువ్వనేది నిజమే కావచ్చు. కానీ తల్లీ, ఒకవేళ ఉంటేనో? నాకున్నది నువ్వొక్కదానివే."

"ఉందో లేదో తెలియకుండా గుట్ట అవతల నాకు నిద్రెలా పడుతుందమ్మా?"

మంగతల్లికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. చివరికి ఒక షరతు పెట్టింది. పెద్ద మనిషి ఎవరైనా పక్కనుండాలి, తను ముందు వెళ్లాలి, నూకాలు వెనక ఉండాలి. నూకాలు బుద్ధిగా తలూపింది. ఆ తలూపుడు చూసి నమ్మినవాళ్లు దాన్ని ఎరగనివాళ్లే.

పెద్ద మనిషంటే ఆ చుట్టుపక్కల గౌరినాయుడే. ఊళ్లో కాడి దింపేశాక అడవి అంచున మేసుకుంటూ బతుకుతున్న ముసలి ఎద్దు. బడికి పెద్ద కూడా ఆయనే. ఎవరేం చెప్పుకున్నా నెమరువేస్తూ "చూద్దాం" అనేవాడు, ఎప్పుడూ చూసేవాడు కాదు. నూకాలు వెళ్లి, తాతా, ఎప్పుడూ చూద్దాం అంటావు కదా, రేపు పొద్దున వచ్చి చూడు అంది. గౌరినాయుడు నెమరు ఆపాడు. సిగ్గేసిందో ఏమో, వస్తానన్నాడు.

తెల్లవారింది. కంటకయ్య హాయిగా ఆవలిస్తూ, నోట ఒక ఎముక కరుచుకుని బొరియలోంచి వచ్చాడు. ఎప్పట్లాగే దాన్ని గుమ్మం ముందు పడేసి ముఖం వేలాడేసుకుందామని ఆయన ఉద్దేశం. తల ఎత్తేసరికి ఎదురుగా నూకాలు. పక్కన తల్లి. వెనక గౌరినాయుడు. వాళ్ల వెనక బడి పిల్లలందరూ.

నూకాలు ఆ ఎముకని పరీక్షగా చూసింది.

"అది నాదాండీ?"

ఎముక కంటకయ్య నోట్లోంచి జారి కిందపడింది. ఇంతవరకు పిలిచినవాళ్లెవరూ రాలేదాయె. వస్తే ఏం చేయాలో ఆయన ఎప్పుడూ ఆలోచించుకోలేదు. ఇవాళ పులిగారు ఉపవాసం అన్నాడు. నూకాలు రేపు వస్తానంది. రేపు కూడా లేవరేమో, ఒంట్లో బాగాలేదన్నాడు. అయితే చూసి పలకరించి వస్తానంది. కంటకయ్య ముళ్లు నిక్కబొడుచుకున్నాయి, అంతలోనే పడుకున్నాయి. ఆయన గొంతులోకి తేనె వచ్చి చేరింది.

"చూడమ్మా మంగతల్లీ, పసిపిల్ల. రాత్రంతా నేను పులిగారి కాళ్లు పట్టుకున్నాను. క్షమించేశారు. తీసుకుపో ఇంటికి."

మంగతల్లికి పోయిన ప్రాణం లేచొచ్చింది. పులి ఉంటేనేం, లేకపోతేనేం, బిడ్డ దక్కింది కదా. పదవే, పెద్దాయన క్షమించారుగా అని నూకాలు భుజం పట్టుకుని లాగింది. మీరైనా నేనైనా అదే చేస్తాం.

"మరి రేపు ఎవర్ని పిలుస్తారమ్మా?" అంది నూకాలు. వెనకున్న పిల్లలవైపు ఒకసారి చూసింది. తల్లి కూడా చూసింది. ఆ చేతి పట్టు కాస్త సడలింది. మరుక్షణం నూకాలు కంటకయ్య కాళ్ల మధ్య నుంచి దూరి బొరియలోకి జారిపోయింది.

ముళ్లపంది ఎవరినైనా పొడవాలంటే ముందు వెనక్కి తిరగాలి. కంటకయ్య తిరిగి, ముళ్లన్నీ లేపి, గుమ్మానికి అడ్డం పడేసరికి లోపల తోక కొస కూడా కనపడలేదు. మంగతల్లి ముందుకి దూకింది గానీ ముళ్ల గోడ దాటలేకపోయింది. బయట నిలబడి బిడ్డని పేరు పెట్టి పిలిచింది. 

లోపల నూకాలు మెల్లగా నడుస్తోంది. దానికీ భయంగానే ఉంది. కానీ ముంగిసకి కళ్లకన్నా ముందు ముక్కు పనిచేస్తుంది. తడిమట్టి వాసన. మొలకలొచ్చి కుళ్లిపోతున్న దుంపల వాసన. పులి వాసన మాత్రం ఎంత పీల్చినా తగల్లేదు. మలుపు తిరిగితే దుంపల గుట్ట, పిల్లలు తెచ్చినవే. దాని పక్కన ఎముకల గుట్ట, అన్నీ ఏళ్లనాటివి, ఎండి తెల్లబోయినవి. ఊరి బయట చచ్చిన పశువుల్ని పడేసే దిబ్బ మీంచి ఈడ్చుకొచ్చినవి కాబోలు. ప్రతి ఎముక మీదా రెండు పళ్లతో గీకిన గాట్లు. సగం తిన్న దుంపల మీదా సరిగ్గా అవే గాట్లు. ముళ్లపందులకి ఎముకలు కొరకడం సరదా అని నూకాలుకి అప్పుడు తెలిసింది. రాత్రిళ్లు మాస్టారు చదివే చదువు ఇదన్నమాట.

ఇక పులి. ఆ మూలన, మూతి పగిలిన పెద్ద కుండ ఒకటి పక్కకి ఒరిగి పడి ఉంది. నూకాలు చుట్టూ తిరిగింది. లోపల ఏముందో చూద్దామని తల దూర్చింది. ఏమీ లేదు. "ఊఁ?" అని అడిగింది. "ఊఁఁఁ" అని కుండ దానికన్నా పెద్ద గొంతుతో జవాబిచ్చింది.

అప్పుడు నూకాలుకి అంతా అర్థమైంది. అర్థమయ్యాక ఊరుకోవచ్చు కదా? గుండెల నిండా గాలి పీల్చి, తల కుండలో పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గర్జించింది.

బండ అదిరింది. పిల్లలు పొదల్లోకి పరుగు తీశారు. గౌరినాయుడు మాత్రం కదలకుండా నిలబడ్డాడు. ధైర్యమనుకునేరు, ఆయన కాళ్లు కదలడానికి అంత టైము పట్టేది.

అందరికన్నా ఎక్కువగా అదిరిపడింది కంటకయ్య. ఇన్నేళ్లూ ఆ గాండ్రింపుని లోపలినుంచి తనే అరిచాడు తప్ప, బయట నిలబడి వినడం ఆయనకి అదే మొదటిసారి. అది ఇంత ఘోరంగా ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. గుప్పెడంత ముంగిస పిల్ల గొంతా ఇది? రాత్రి తను మేతకి వెళ్లినప్పుడు నిజంగానే ఒక పులి దూరిందేమో? రెండోసారి గర్జన వచ్చింది. కంటకయ్య పులి, పులి అని అరుచుకుంటూ, ముళ్లు రాలిపోతున్నా చూసుకోకుండా గుట్ట ఎక్కేశాడు.

గుమ్మం ఖాళీ అయింది. అందరూ అక్కడినుంచి దూరంగా పరిగెడుతుంటే మంగతల్లి ఒక్కతే బొరియలోకి పరిగెత్తింది. పులే ఉంటే దాని కళ్లు పీకేద్దామనే వెళ్లింది. మలుపు తిరిగేసరికి కుండలోంచి బయటికి ఊగుతున్న తోక కనపడింది. ఆ తోక పట్టుకుని బయటికి లాగి, వీపు మీద ఒక్కటి వేసి, గట్టిగా గుండెకి హత్తుకుంది. ఇద్దరూ కలిసి కుండని దొర్లించుకుంటూ వెలుగులోకి తెచ్చారు. గౌరినాయుడు దాన్ని చూశాడు, ఎముకల్ని చూశాడు. ఆ ఎముకలు తన జాతివాళ్లవేనని పోల్చుకున్నాడు కాబోలు, తల వంచుకున్నాడు. నేను ముందే వచ్చి చూడాల్సిందమ్మా అన్నాడు. ఆ తర్వాత ఎవరేం చెప్పినా ఆయన "చూద్దాం" అనలేదు, లేచి వెళ్లి చూశాడు.

గుట్ట అవతల మాత్రం తమాషా జరిగింది. రొప్పుకుంటూ దిగిన కంటకయ్యకి ముందుగా ఎదురుపడింది ఉడత పైడీ, వాళ్లమ్మా నాన్నా. వాళ్ల వెనక అంతకుముందు మాయమైన కుటుంబాలన్నీ ఉన్నాయి.

"పారిపోండి! నా బొరియలో పులి ఉంది!"

పైడి వాళ్లమ్మ వింతగా చూసింది.

"అది మాకు తెలుసు కదండీ మాస్టారూ. మీరే చెప్పారుగా."

 ఆ సాయంత్రానికే నూకాలు గుట్టెక్కి కబురు చెప్పింది, అందరూ నవ్వుకుంటూ ఇళ్లకి తిరిగొచ్చారు. కుండ ఇప్పుడు బండ మధ్యలో ఉంది. బడిలో చేరిన ప్రతి పిల్లా మొదటిరోజు అందులో తల పెట్టి ఒకసారి గర్జించాలి, ఆ తర్వాత ఒక ప్రశ్న అడగాలి.

కంటకయ్య ఇంకా గుట్ట అవతలే తిరుగుతున్నాడు. ఏ బొరియలోనూ దూరి పడుకోలేడు. అడగడమే తప్పన్న పెద్దమనిషి, ప్రతి బొరియ ముందూ ఆగి, ముళ్లు వణుకుతుండగా, "లోపల ఎవరైనా ఉన్నారాండీ?" అని అడుగుతున్నాడు.

తొంగి చూడనంత కాలమే బొరియలో పులి ఉంటుంది.