నూకాలు అడిగిన నిప్పు

ఒక ప్రశ్న అడుగుతాను. తొందరపడి అరవకండి, ఆలోచించి చెయ్యెత్తండి. తన పొయ్యిలో కణకణలాడే నిప్పులున్న మనిషి, తెల్లారి లేచి పొరుగింటికి వెళ్ళి నిప్పు అడిగిందనుకోండి. ఎందుకడిగినట్టు?

దొంగతనానికా? సరే, ఒకటి. చేతబడికా? రెండు. ఇంకెవరో పంపితే వచ్చిందా? మూడు. ఆ ఊరివాళ్ళూ అచ్చం మీలాగే అనుకున్నారు. చెయ్యి దించు సుహాస్, కథయ్యాక ఎత్తుదువుగాని.

అగ్గిపెట్టె ఇంకా పుట్టని కాలంలో, గెడ్డ ఒడ్డున ఒక ఊరుండేది. గెడ్డ అంటే కొండ మీంచి దిగే వాగు. ఆ ఊళ్ళో నూకాలు అని ఒకామె. మొగుడు లేడు, పిల్లల్లేరు, సెంటు భూమి లేదు. ఉన్నదల్లా ఒక పొయ్యి, ఒక మంగలం. మంగలమంటే పేలాలు వేయించే మట్టి మూకుడు. అందులో ఇసక కాచి, జొన్నలు వేసి కలిపితే చిటపటా పేలతాయి. చీకటితో లేచి వేయించడం, గంప నెత్తిన పెట్టుకోవడం, గెడ్డ దాటి అవతలి ఊళ్ళో అమ్ముకోవడం. అదీ ఆమె బతుకు. అందుకని ఊళ్ళో అందరి పొయ్యిలూ ఆరినా నూకాలు పొయ్యి ఆరదు. ఇది గుర్తుంచుకోండి, దీనితో పనుంది.

ఆ ఊళ్ళోనే ముగ్గురు ముసలివాళ్ళు, మూడిళ్ళలో ఒక్కొక్కరుగా ఉండేవారు. ఒకరు దాలయ్య. తాళ్ళు పేనే మనిషి, కాలు కుంటు, నోరు కారం. రెండో ఆమె పైడమ్మ. చూపు మందం, దగ్గు ఎక్కువ. మూడో ఆయన పేరు సన్యాసి. పేరుకే సన్యాసి, పెళ్ళిళ్ళు మూడు. ముగ్గురు భార్యలూ వెళ్ళిపోయాక నిజంగానే సన్యాసి అయ్యాడని ఊరంతా నవ్వేది. ఆయనా నవ్వేవాడు.

ఒక వానాకాలం ఆ ఊళ్ళో ఇంకో ముసలాయన, ఒంటరివాడు, ఇంట్లోనే కన్నుమూశాడు. మూడు రోజులదాకా ఎవరికీ తెలియలేదు. ఊరికి తలవంపులయింది. ఊరిపెద్ద అప్పలనాయుడు మంచివాడే, కానీ పరువంటే ప్రాణం. రచ్చబండ మీద లేచి ఒక మాట అన్నాడు:

"ఇంకొక్కరు మంచాన పడ్డారని తెలిసిందా, ఒంటరి ముసిలోళ్ళందర్నీ బండెక్కించి పట్నం సత్రానికి పంపించేస్తాను. ఆళ్ళే చూసుకుంటారు."

దాలయ్య కర్ర నేలకేసి కొట్టాడు. "నా నూకలు నా గడపలోనే చెల్లాల," అన్నాడు.

నూకలు చెల్లడమంటే ఆయుష్షు తీరడం. మనకి రాసిపెట్టిన గింజలు అయిపోయాయన్నమాట. ఊరివాళ్ళకి ఆ మాట వినగానే ఇంకోటి గుర్తొచ్చింది. పోయిన ముసలాయన గుమ్మంలో ముందురోజు సాయంత్రం గంప దించింది నూకాలే కదా! ఇంకేముంది, సామెత పుట్టేసింది. నూకాలు గడప తొక్కితే నూకలు చెల్లినట్టే!

ఆ మర్నాటినుంచే నూకాలు నిప్పు అడగడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లో నిప్పు అడగడం వింత కాదు. పొయ్యి ఆరితే పొరుగింటికి వెళ్ళి పెంకు మీద రెండు నిప్పులు తెచ్చుకునేవారు. వింతల్లా నూకాలు అడగడమే. తెల్లారగానే దాలయ్య గుమ్మంలో నిలబడేది.

"మావా, రెండు నిప్పులుంటే పెట్టు."

"రోజూ ఆరిపోద్దేటే నీ పొయ్యి? పేలాలు నీళ్ళలో వేయిస్తన్నావా?" అని తిట్టి, కుంటుకుంటూ వెళ్ళి పెట్టేవాడు.

తర్వాత పైడమ్మ గుమ్మం. "అత్తా, రెండు నిప్పులుంటే పెట్టు."

తర్వాత సన్యాసి గుమ్మం. "బావా, రెండు నిప్పులుంటే పెట్టు."

"నా నాలుగో పెళ్ళికి అగ్నిహోత్రం ఇప్పట్నించే పోగేస్తన్నావేటి?" అనేవాడు సన్యాసి.

ఊరు కళ్ళు చికిలించింది. పొయ్యిలో నిప్పుండగా పొరుగింట నిప్పెందుకు?

"ఇత్తడి సామాను లెక్క చూసుకుంటంది," అంది ఒకావిడ.

"నిప్పట్టుకెళ్తే ఇంటి దీపం పట్టుకెళ్ళినట్టే. ఆయుష్షు లాగేస్తంది," అంది ఇంకొకావిడ.

"అది కాదర్రా," అన్నాడు తలారి గవరయ్య. తలారి అంటే ఊరి కావలివాడు. "గెడ్డవతలి వైద్యుడు ఈ మధ్యన వేరు తవ్వుకుంటానని మన గట్టు మీదకి ఎన్నిసార్లొచ్చాడు? వచ్చినప్పుడల్లా పైడమ్మింటనో దాలయ్యింటనో మంచినీళ్ళడుగుతున్నాడు. గెడ్డనిండా నీళ్ళెట్టుకుని ఆడికేటి దాహం? ఆడూ నూకాలూ ఒకటే. కొత్త మందులు పరీక్షించడానికి ముసిలోళ్ళు కావాల ఆడికి."

మూడు మాటల్లో మూడోదే అందరికీ నచ్చింది. భయంకరమైన మాటే ఎప్పుడూ ముందు నచ్చుతుంది.

గవరయ్య మూడు రోజులు వెనకాలే నడిచాడు. మొదటి రోజు ఏం చూశాడు? నిప్పు తీసుకునేటప్పుడు నూకాలు దాలయ్య పాదాల వంక చూసింది, పొయ్యి వంక చూసింది, కుండలోకి తొంగి చూసింది. రెండో రోజు? తెచ్చిన నిప్పులు తిన్నగా గెడ్డ ఇసకలో పారబోసింది! మూడో రోజు? గెడ్డ దాటి వైద్యుడి చేతికి మూడు ఆకుపొట్లాలిచ్చింది. వైద్యుడు విప్పి చూశాడు. రెండింట్లో పేలాలు. ఒకదాంట్లో పేలని జొన్నగింజలు. ఆ గింజలు చూసి వైద్యుడు తల పంకించి మూలికల సంచీ భుజాన వేసుకున్నాడు.

ఇంకేం కావాలి? సాయంత్రానికి నూకాలుని రచ్చబండ దగ్గర నిలబెట్టారు.

"నీ ఇంట నిప్పు నేదా?" అన్నాడు అప్పలనాయుడు.

"ఉంది బాబూ."

"మరి ఆళ్ళింట ఎందుకడుగుతున్నావు?"

నూకాలు చూపు గెడ్డ వైపు తిప్పుకుంది.

"అడిగిన నిప్పు గెడ్డలో ఎందుకు పారబోస్తన్నావు?"

కాలి బొటనవేలితో నేల గీసింది.

"పొట్లంలో గింజలేటి?"

చీర చెంగు వేలికి చుట్టుకుని, విప్పుకుని, మళ్ళీ చుట్టుకుంది. పైడమ్మ ఉన్నచోటునుంచే దగ్గింది. నూకాలు అటు చూసి తల దించేసుకుంది. అది చూసి అందరికీ అనుమానం గట్టిపడింది. నేను విన్న నాడు నాకూ గట్టిపడింది, మీ దగ్గర దాచడమెందుకు.

"రేపట్నుంచి నువ్వు ఎవరి గడపా తొక్కకూడదు, గెడ్డ దాటకూడదు," అన్నాడు నాయుడు. గంప లాక్కున్నారు.

మొదటి రోజు తెల్లారింది. నూకాలు తన వాకిట్లో నిలబడి ఊరి కప్పుల వంక చూసింది. పైడమ్మింట పొగ లేచింది. సన్యాసింట లేచింది. దాలయ్యింట పొద్దెక్కాక లేచింది.

రెండో రోజు. పైడమ్మింట పొగ. సన్యాసింట పొగ. దాలయ్యింట దారమంత పొగ.

మూడో రోజు. పైడమ్మింట పొగ. సన్యాసింట పొగ. దాలయ్య కప్పు మీద కాకి వాలి ఉంది. పొగ లేచే కప్పు మీద కాకి వాలదు.

నూకాలు పరుగెత్తింది. గవరయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"బాబ్బాబు, నన్ను తర్వాత కొడుదువుగాని. ముందు ఆ తలుపు తియ్యి."

ఆ గొంతు విని గవరయ్యే భుజంతో తలుపు నెట్టాడు. దాలయ్య పొయ్యి పక్కన నేలమీద పడి ఉన్నాడు. కాలు దుంగలా వాచింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది. జనం మూగారు. "చూశారా, ఇది అడుగుపెట్టింది, ఆయనకి నూకలు చెల్లాయి," అని ఎవరో అననే అన్నారు.

అంతలో జనాన్ని తోసుకుంటూ మొలదాకా తడిసిన మనిషి లోపలికొచ్చాడు. గెడ్డవతలి వైద్యుడు.

"నిన్నెవరు పిలిచారు?" అన్నాడు నాయుడు.

"ఎవరూ పిలవలేదు, అందుకే వచ్చాను," అన్నాడు వైద్యుడు, దాలయ్య నాడి పట్టుకుని. "ఇంటికో పొట్లం. పేలాలొస్తే ఆ ఇంటి మనిషి కులాసా. పేలని గింజలొస్తే నేను రావాలి. అదీ మా ఇద్దరి ఒప్పందం. మొదటిరోజు ఎదురుచూశాను. పేలాలూ రాలేదు, గింజలూ రాలేదు. రెండో రోజు అనుమానం వచ్చింది. మూడో రోజు గెడ్డలో దిగాను."

చూశారా పిల్లలూ, అనుమానం అందరికీ వచ్చింది. ఊరు అనుమానపడి కూర్చుంది. వైద్యుడు అనుమానపడి లేచొచ్చాడు.

కట్టు కట్టారు, కషాయం పట్టారు. సందెవేళకి దాలయ్య కళ్ళు తెరిచాడు. ముందు నూకాలుని చూశాడు.

"నిప్పు నేదే ఈరోజు," అన్నాడు.

"ఎందుకు ముట్టించనేదు తాతా?" అన్నాడు నాయుడు.

"ఎవరికోసం? ఈ దరిద్రపుది వచ్చి అడుగుద్ది, నేదనిపించుకోడం ఎందుకని రోజూ లేచి ముట్టించేవోణ్ణి. ముట్టించాక ఎలాగూ గంజి కాచుకునేవోణ్ణి. మూడ్రోజుల్నించి ఎవరూ అడగనేదు."

నాయుడు నూకాలు వైపు తిరిగాడు. "ఆ మాట ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా?"

"పైడత్తకి దగ్గెక్కువైందని పదిమందిలో చెప్తే బండి కట్టేద్దురు కదా బాబూ," అంది నూకాలు. "బాగున్నావా మావా అనడిగితే, అడగడానికి నువ్వెవతివి అంటాడు. నిప్పడిగితే తనే ఇచ్చేవాడు. ఇచ్చేవాడికి చిన్నతనం నేదు కదా."

బండి కట్టలేదు. నాయుడే మర్నాడు పెంకు పట్టుకుని సన్యాసి గుమ్మంలో నిలబడ్డాడు. ఊళ్ళో ఇల్లిల్లూ వంతులేసుకుంది. ఒకరోజు వీళ్ళు నిప్పడగాలి, ఒకరోజు వాళ్ళు. పొట్లాలు గవరయ్య గెడ్డ దాటించాడు. వైద్యుడు వారానికో రోజు దాహం వంక లేకుండానే వచ్చాడు. దాలయ్య ఇంకో ఏడేళ్ళు తిట్టాడు, తన గడపలోనే.

ఇక్కడితో ఆపేస్తే బాగుంటుంది. కానీ పాఠం సగంలో ఆపకూడదు.

చాలా ఏళ్ళకి ఒకనాడు, తన వంతు రోజున నూకాలు రాకపోతే, వంతు మారిందేమోనని ఎవరికి వారు అనుకుని పట్టించుకోలేదు. పైడమ్మ ఒక్కతే, అప్పటికి పండుముసలి, చూపు మందమైనది, తడుముకుంటూ ఆమె ఇంటికి వెళ్ళింది.

"నూకాలూ, రెండు నిప్పులుంటే పెట్టవే."

ఎన్నడూ ఆరని పొయ్యి చల్లగా ఉంది. పక్కనే మంగలం బోర్లించి ఉంది. నూకాలుకి నూకలు చెల్లాయి. ముసలితనం నూకాలుకీ వచ్చిందని ఊరికి అప్పుడు తెలిసింది. అన్నేళ్ళలో ఆ ఇంటికి నిప్పు అడగడానికి వెళ్ళినవాళ్ళే లేరు. ఆవిడ పొయ్యిలో నిప్పెప్పుడూ ఉంటుంది కదా అనుకున్నారు.

అప్పట్నుంచి గెడ్డ ఒడ్డున ఒక నియమం. వంతులో అడిగే ఇల్లు కూడా ఉండాలి. అడిగేవాళ్ళని కూడా ఎవరో ఒకరు అడగాలి. అగ్గిపెట్టెలొచ్చాయి, గ్యాసు పొయ్యిలొచ్చాయి, నిప్పు అడిగే పని పోయింది. అయినా ఆ వైపు పెద్దవాళ్ళని ఇప్పటికీ "నూకాలొచ్చిందా?" అని పలకరిస్తారు. "వచ్చింది, ఇంకా నూకలున్నాయి," అంటారు వాళ్ళు. సామెత తిరగబడింది చూశారా!

సరే, లేవండి. పొయ్యి మీద పాలు గోరువెచ్చగా అయుంటాయి, ఇంకా తోడుపెట్టలేదు. ఆ గిన్నె ఇలా ఇవ్వు. వెనక వీధిలో ఒక్కరే ఉండే సుభద్రమ్మగారిని దీపాలు పెట్టకముందే కాస్త తోడు అడిగొస్తాను. దీపం పెట్టాక ఆవిడ ఇవ్వరు.

ఏమిటి సుహాస్, చెయ్యెత్తావు? ఫ్రిజ్‌లో గిన్నెడు పెరుగుందా?

ఉందిరా. నేనే పెట్టాను.