ఇంటిపేరుకు తగ్గ పని

సముద్రపు గాలికి కోటగోడల సున్నం ఎప్పుడూ పెచ్చులూడే చిన్న రాజ్యం ఒకటుండేది. దాన్నేలే నరసింగరాయుడు చెడ్డవాడేం కాడు గానీ, వంశం మాటెత్తితే చాలు, ఆయన కాళ్ళు నేలమీద ఆనేవి కావు. అలాంటి ప్రభువు దగ్గర పరదేశుల మాటలు తెలుగులో చెప్పే దుబాసీ కొలువంటే కత్తిమీద సామే. ఆ సాము చేస్తున్నవాడు వల్లభయ్య.

ఒకనాడు ఓడ దిగి ఇద్దరు దొరలు సభకొచ్చారు. ఒకడు జర్మనీ వైద్యుడు ష్మిట్, రెండోవాడు ఇంగ్లీషు ఓడ కెప్టెన్ బేకర్. వల్లభయ్య తల్లి అచ్చమ్మకు కళ్ళలో పొరలు కమ్మి చాలాకాలమైంది. మర్నాడు వాటిని తీస్తానని ష్మిట్ దొర మాటిచ్చాడు.

"వీళ్ళ ఇంటిపేర్లకు అర్థమేమిటోయ్?" అనడిగాడు రాజు.

వల్లభయ్య ఉన్నమాట చెప్పాడు. "ష్మిట్ అంటే కమ్మరి, ప్రభూ. బేకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు."

రాజు మొహం కందగడ్డయింది. "కమ్మరికీ రొట్టెలవాడికీ నా పక్కన పీటలా? వాణ్ణి కొలిమికి పంపు, వీణ్ణి వంటశాలకు తోలు. ఇంటిపేరు ఏ పని చెబితే ఆ పనే చేయాలి."

వల్లభయ్యకు తల్లి కళ్ళు గుర్తొచ్చాయి. కొలిమిలో బొబ్బలెక్కిన చేతులతో కంటికి సూది పెట్టడమెలా? ఎదురు చెబితే తన తల పోతుంది, ఊరుకుంటే తల్లి చూపు పోతుంది. ఒక ఉపాయం తోచి చేతులు కట్టుకున్నాడు.

"ధర్మం అందరికీ ఒకటే కదా ప్రభూ. ఈ ఆజ్ఞ మనవాళ్ళకూ వర్తిస్తుందని చాటించమంటారా?"

"చాటించు. నా మాటంటే మాటే."

రాజు భోంచేసి, ఓ కునుకు తీసి వచ్చేసరికి సభ బోసిపోయి ఉంది.

"సేనాపతి ఏడీ?"

"పిల్లివారు కదా ప్రభూ, ధాన్యపు కొట్లో ఎలుకల కోసం కాచుకున్నారు."

"మరి మంత్రి?"

"ఉప్పలవారు. ఉప్పుమళ్ళలోకి దిగారు. పాపం, ఎండ దంచేస్తోంది."

"నీ చేతిలో అదేమిటి?"

వల్లభయ్య కాగడా, నూనెకుండ సింహాసనం ముందు పెట్టాడు. "తమరు కాగడాలవారు. పొద్దు వాలుతోంది, పల్లకీలు బయల్దేరే వేళయింది."

రాజు కాగడాను చేతిలోకి తీసుకున్నాడు. ముత్తాత ఎవరి పల్లకీ ముందో కాగడా పట్టి పరుగెత్తాడని ఆయనకు తెలుసు. నాయనమ్మ ఆ సంగతి గర్వంగానే చెప్పేది. తానెప్పుడు సిగ్గుపడడం మొదలుపెట్టాడో ఆయనకే గుర్తులేదు.

"వాళ్ళ దేశాల్లోనూ మనలాగే, ప్రభూ," అన్నాడు వల్లభయ్య మెల్లగా. "కొండపక్కన కాపురముంటే హిల్, జాన్ కొడుకైతే జాన్సన్, జుట్టు నల్లగా ఉంటే ష్వార్ట్స్. ఊరివాళ్ళు గుర్తుకోసం పిలిచిన పిలుపు మనవలదాకా వచ్చింది, అంతే. ష్మిట్ దొర పెద్దలు ఎందరి నాగళ్ళకు కర్రులు చేసిపెట్టారో. ఈయన మాత్రం నేటిదాకా సుత్తి పట్టి ఎరగడు. బొబ్బలెక్కకముందే మా అమ్మ కంటికి ఆ చేతులు కావాలి."

రాజు ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలో హారం తీసి వల్లభయ్య మెడలో వేశాడు. ఆజ్ఞ రద్దుచేసి, మిగతా అందరినీ వెనక్కి పిలిపించి, ష్మిట్ దొరను తీసుకురావడానికి కొలిమి దగ్గరకు తానే నడిచాడు.

కట్టు విప్పిననాడు అచ్చమ్మ ఎదుటనున్న ఎర్రటి మొహాన్ని తేరిపార చూసి, "ఏ ఊరు నాయనా మీది? ఇంటిపేరేమిటి?" అంది.

వల్లభయ్య జంకాడు. "కమ్మరివారు," అని పక్కనున్న రాజే జవాబిచ్చాడు.

ముసలమ్మ ఆ గొంతు వైపు తిరిగింది. "మరి నువ్వెవరబ్బాయివి?"

"కాగడాలవారి పిల్లాణ్ణి, అవ్వా," అన్నాడు రాజు.