తోడుకు తోడు

ఒక ఊళ్ళో ఒక అవ్వ ఉండేది. ఆమెకు ఒక అరుగు, ఒక కుండ, కుండలో పెరుగు ఉండేవి. ఇంకేమీ లేదు, ఇంకెవరూ లేరు.

ఆ పెరుగులో ఒక విచిత్రం ఉంది. దానితో అన్నం కలుపుకుని తిన్నవాళ్ళకు మధ్యాహ్నం కునుకులో ఒక కల వచ్చేది. కలలో తెల్లని ఏరు, ఏటి గట్టున ఒక బల్ల. బల్లమీద మన పక్కన ఎవరో కూర్చుని ఉండేవారు. ముఖం కనబడేది కాదు, మాట వినబడేది కాదు. పక్కన ఉన్నారని మాత్రం తెలిసేది. లేచాక పొద్దు వాలేదాకా మనసు చల్లగా ఉండేది.

ఊరివాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. "అవ్వా, కాస్త తోడు పెట్టవూ?" అనేవారు. చెంచాడు తీసుకెళ్ళి గోరువెచ్చని పాలలో వేసుకుంటే వాళ్ళింట్లోనూ అదే పెరుగు. ఎందరికి ఇచ్చినా అవ్వ కుండ తరిగేది కాదు. నాలుగు రోజులకు వాళ్ళ తోడు పులిసిపోయేది, మళ్ళీ వచ్చేవారు. వచ్చినవాళ్ళు ఊరికే పోతారా? చెంచాడు తోడుకు గంటసేపు అరుగెక్కి కూర్చుని, మోకాళ్ళ నొప్పులు మొదలుకొని వియ్యంకుల పెట్టుపోతల దాకా చెప్పుకునేవారు. గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఉత్తదిగా ఇవ్వకూడదు కదా అని అందులో రెండు వంకాయలో, మూర మల్లెపూలో వేసి తెచ్చేవారు. వంకాయలు సరే, అవ్వకు కావలసింది ఆ గంట.

ఆ ఊరి శివార్లలో వెయ్యి ఆవులవాడు ఉండేవాడు. పాడికి లోటు లేదు. భోజనానికి కూర్చుంటే మాత్రం అతని ఎదుట రెండో విస్తరి ఉండేది కాదు. ఒకరోజు వంటమనిషి అవ్వ తోడుతో పెరుగు చేసి పెట్టింది. అతను తిన్నాడు, కునికాడు, కల కన్నాడు. లేచాక చాలాసేపు తన పక్కనున్న ఖాళీ చోటును చేత్తో తడుముతూ ఉండిపోయాడు.

మర్నాడు అవ్వ దగ్గరికి లేఖరిని పంపాడు.

"నీ తోడు నీదేనే అవ్వా," అన్నాడు లేఖరి. "వాడుకునే హక్కు మా అయ్యగారిది. ఊరూరా పెరుగు చేసి అమ్ముతారు. ఇక నువ్వు మరెవరికీ పెట్టకూడదు. వాడుకున్నందుకు నీ భాగం నీకు ముడుతుంది. ఏం కావాలో చెప్పు, పత్రం రాస్తాను."

ఇప్పటివాళ్ళు దీన్నే రాయల్టీ అంటారు. అవ్వ ఆలోచించింది. వెయ్యి ఆవులంటే ఎన్ని కుండలో! అన్ని కుండలంటే ఎంతమంది మనుషులో! ఆమెకు కడుపు నిండినట్టయింది.

"ఏముంది నాయనా, తోడుకు తోడు ఇస్తే చాలు," అంది.

లేఖరి అలాగే రాశాడు, అవ్వ వేలిముద్ర వేసింది. రాసిన మాట ఒకటే. ఇద్దరూ అనుకున్నది వేరు వేరు.

అవ్వ అరుగు అలికి, చాప పరిచింది. పొద్దున్నే బండి వచ్చింది. బండివాడు చెంచాడు తోడు తీసుకుని, దానికి బదులు చెంచాడు పెరుగున్న దొప్ప గడపలో పెట్టాడు.

"నీ భాగం ముట్టిందే అవ్వా."

"కూర్చోరా అబ్బాయీ, కాస్త ఊపిరి తీసుకో."

"అమ్మో, ఇంకా ఏడూళ్ళు తిరగాలి!" అంటూ బండి కదిలించాడు.

రోజులు గడిచాయి. బండ్లు పెరిగాయి, దొప్పలు పెరిగాయి. దొప్పలు ముంతలయ్యాయి, ముంతలు కుండలయ్యాయి. వంటిల్లు తెల్లబడింది. ఇల్లంతా పులిసిన వాసన. ఊరివాళ్ళు గిన్నెలతో వస్తే అవ్వ తల అడ్డంగా ఊపేది. "మాటిచ్చాను, పెట్టకూడదు," అనేది. కొన్నాళ్ళు వచ్చారు, తర్వాత మానేశారు. అరుగుమీద చాప అలాగే ఉంది, దానిమీద ఎవరూ లేరు. అవ్వ కుండ పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ మర్నాటినుంచి కల మారింది.

తెల్లని ఏరు అలాగే ఉంది. గట్టున బల్ల ఉంది. బల్లమీద మాత్రం ఎవరూ లేరు. ఊరూరా జనం మధ్యాహ్నం కునుకు తీసి, ఎందుకో తెలియకుండా కళ్ళు తుడుచుకుంటూ లేస్తున్నారు. వెయ్యి ఆవులవాడు కూడా అలాగే లేచాడు. అతనికి ఉన్నది కలలో పక్కన కూర్చునే ఆ ఒక్క మనిషే. అదీ పోయింది. పత్రం చంకన పెట్టుకుని, లేఖరిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"అవ్వా, తోడులో ఏం మార్చావు?"

"నేనేం మార్చలేదు నాయనా. పత్రం తప్పింది నువ్వు."

"నేనా? ఇల్లు పట్టనంత ఇచ్చాను కదా!"

"అది పెరుగు. నేనడిగింది తోడు."

అతను పత్రం విప్పి చదివాడు. మళ్ళీ చదివాడు. లేఖరి నుదుటిన చెమట తుడుచుకున్నాడు.

"ఆ మాటకు ఇంకో అర్థం లేదండయ్యా. ఉంటే నిఘంటువులో ఉండాలి. ఇప్పుడే తెస్తాను," అని పరుగెత్తాడు.

అవ్వ కాచి చల్లార్చిన పాలు అరుగుమీదికి తెచ్చింది. వేలు పెట్టి చూసి, తోడు వేసి, మూత పెట్టింది.

"కూర్చో."

"ఎంతసేపు?"

"ఇది తోడుకునేదాకా."

అతను చాపమీద కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అన్నం తిన్నావా?"

"తిన్నాను."

"ఎవరితో?"

వెయ్యి ఆవులవాడు చాప అంచును వేళ్ళతో తడిమాడు. అవ్వ మళ్ళీ అడగకుండా, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. అతను ఊ కొట్టాడు. ఊ కొడుతూ కొడుతూ స్తంభానికి ఒరిగి కళ్ళు మూశాడు. ఆ రోజు అతను ఆ పెరుగు ముట్టనే లేదు. అయినా నిద్రలో పక్కకు తిరిగి, ఎవరినో చూసి నవ్వాడు.

ఎండ అరుగు దిగే వేళకు లేఖరి పెద్ద పుస్తకం మోసుకుంటూ రొప్పుతూ వచ్చాడు.

"అయ్యా, దొరికింది! ఆ మాటకు రెండో అర్థం కూడా..."

అవ్వ పెదవులమీద వేలు పెట్టింది. ఆమెకు ఒక పక్క మూతపెట్టిన కుండ, ఇంకో పక్క మనిషి.

"కదపకయ్యా," అంది మెల్లగా. "తోడుకునే వేళ."

ఆమె దేని గురించి అందో లేఖరికి తెలియలేదు. పుస్తకం మూసి, చప్పుడు చెయ్యకుండా వచ్చి చాప అంచున కూర్చున్నాడు.